పాట వస్తోంది, మాట రావడం లేదు: లాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ సమస్యలపై ఒక సమీక్ష

2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలయ్యాక గోదావరి జిల్లాల పల్లెల్లో లాప్‌టాప్ ముందు కూర్చుని బతుకుతెరువు చూసుకునేవాళ్ళు ఒక్కసారిగా పెరిగారు. హైదరాబాద్, బెంగళూరుల నుంచి వచ్చేసిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు పెంకుటింటి వసారాల్లో, డాబా మీది గదుల్లో మీటింగులకు హాజరయ్యారు. ఇంజినీరింగ్ పిల్లల పాఠాలూ అక్కడికే వచ్చాయి. ఈ మార్పు ఎంత లోతుగా పాకిందో 2022 మేలో అందరికీ తెలిసింది. జిల్లా పేరు విషయమై అమలాపురంలో అల్లర్లు జరిగి కోనసీమలో ఇంటర్నెట్ ఆపేసినప్పుడు, ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు లాప్‌టాప్‌లు సంకన పెట్టుకుని సిగ్నల్ దొరికే పొరుగు ప్రాంతాలకు వెళ్ళాల్సి వచ్చింది.

ఇంటర్నెట్ పోతే అది వార్త అవుతుంది. లాప్‌టాప్ పక్కనున్న 3.5 మిల్లీమీటర్ల రంధ్రం మొరాయిస్తే ఆ బాధ ఒక్కరిదే. కానీ ఫలితంలో తేడా లేదు. మేనేజరు మాట వినపడదు, మన మాట అవతలికి చేరదు, ఆ రోజు పని సాగదు. షాపుకు తీసుకెళితే చాలాసార్లు వినిపించే తీర్పు ఒకటే: జాక్ పోయింది, బోర్డు మార్చాలి. ఈ తీర్పు కొన్నిసార్లు నిజమే. చాలాసార్లు తొందరపాటు. ఏ స్క్రూ విప్పకముందే, వస్తున్న శబ్దాన్ని జాగ్రత్తగా వింటే లోపం ఎక్కడుందో చాలావరకు తేలిపోతుంది. ఆ వినడానికి ఒక వరస ఉంది. ఆ వరస తెలియకపోవడం వల్లే డబ్బూ, వస్తువూ వృథా అవుతున్నాయి.

రంధ్రం లోపల

ఈ రంధ్రంలో పెట్టే హెడ్‌ఫోన్ పిన్ను పూర్వీకురాలు 19వ శతాబ్దం చివర్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఆపరేటర్లు వాడిన పావు అంగుళం పిన్ను. దాని చిన్న రూపమైన 3.5 మిల్లీమీటర్ల పిన్ను ట్రాన్సిస్టర్ రేడియోలతో వాడుకలోకి వచ్చింది. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చాక ప్రపంచమంతా పాకింది.

పిన్ను మీద నల్లటి వలయాలు గమనించండి. రెండు వలయాలుంటే లోహం మూడు ముక్కలుగా ఉన్నట్టు: కొస ఎడమ చెవికి, మధ్య ముక్క కుడి చెవికి, మొదలు రెండు చెవులకూ ఉమ్మడి అయిన గ్రౌండ్‌కు. మూడు వలయాలుంటే లోహం నాలుగు ముక్కలు, అదనపు ముక్క మైకుకు. ఈ నాలుగు ముక్కల పిన్నులోనే ఒక పాత పేచీ ఉంది. ఇప్పుడు అంతటా నడుస్తున్న సీటీఐఏ పద్ధతిలో మూడో ముక్క గ్రౌండ్, నాలుగోది మైకు. కొన్ని పాత నోకియా ఫోన్లతో వచ్చిన ఓఎంటీపీ పద్ధతిలో ఇవి తారుమారు. చూడటానికి రెండూ ఒకటే. బీరువాలో దాచిన పాత హెడ్‌సెట్ కొత్త లాప్‌టాప్‌లో వింతగా పలికితే ముందు దీన్ని అనుమానించాలి.

జాక్ లోపల ఈ ముక్కలను తాకే స్ప్రింగు రేకులుంటాయి. వాటితోపాటు పిన్ను లోపలికి వచ్చిందని తెలిపే ఒక బుల్లి స్విచ్చు కూడా ఉంటుంది. ఆ కబురు ఆడియో చిప్‌కు వెళుతుంది. చాలా విండోస్ లాప్‌టాప్‌లలో ఆ చిప్ రియల్‌టెక్ కంపెనీది. కబురు అందగానే స్పీకర్లు ఆగి హెడ్‌ఫోన్ మోగుతుంది. పిన్నులో మైకు ఉందో లేదో తెలుసుకోవడానికి చిప్ ఆ ముక్కకు చిన్న వోల్టేజి ఇచ్చి చూస్తుంది. కాబట్టి ఒక మాట చెవిని చేరాలంటే మీటింగ్ యాప్, విండోస్, డ్రైవరు, చిప్, స్విచ్చు, రేకు, పిన్ను, తీగ అన్నీ సవ్యంగా ఉండాలి. శివారు చేనుకు నీరు అందకపోతే డెల్టా రైతు ముందు కాలువ లాకు చూస్తాడు, తర్వాత బోదె చూస్తాడు. మడి గట్టు తవ్వడం మొదలుపెట్టడు. ఇక్కడా అదే పద్ధతి.

శబ్దం ఏం చెబుతోంది?

మొదటి పరీక్షకు రెండు నిమిషాలు చాలు. ఇదే హెడ్‌సెట్‌ను ఫోనుకు పెట్టి చూడాలి. వేరే హెడ్‌సెట్‌ను లాప్‌టాప్‌కు పెట్టి చూడాలి. పాతది ఫోన్లోనూ పలకకపోతే లోపం హెడ్‌సెట్‌ది. వేరేది లాప్‌టాప్‌లోనూ పలకకపోతే లోపం లాప్‌టాప్‌ది. రెండూ విడివిడిగా బాగా పలికి, కలిపినప్పుడే మొండికేస్తే పిన్ను పద్ధతి తేడా కావచ్చు, లేదా పిన్ను పూర్తిగా లోపలికి దిగడం లేదు. లాప్‌టాప్‌కు తొడిగిన ప్లాస్టిక్ కవరు వల్లనో, పిన్ను మొదట్లో ఉండే లావు తొడుగు వల్లనో ఒక్క మిల్లీమీటరు ఆగినా రేకులు తప్పు ముక్కలను తాకుతాయి.

ఒక చెవికే వస్తోందంటే, ముందు సెట్టింగుల్లో ఎడమ కుడి బ్యాలెన్సు చూడాలి. అది సరిగ్గా ఉండి, పిన్నును వేళ్ళతో మెల్లగా తిప్పినప్పుడు రెండో చెవి కరకరమంటూ వచ్చి పోతుంటే రేకు వదులైనట్టు, లేదా పిన్ను మొదట్లో తీగ చిట్లినట్టు. తీగ వంచితే మారుతోందా, పిన్ను తిప్పితే మారుతోందా అన్నది ఈ రెంటినీ విడదీస్తుంది.

అందరినీ తికమక పెట్టే లక్షణం ఇంకొకటి ఉంది. సినిమా పాట పెడితే వాయిద్యాలు దూరంగా, నూతిలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి, గాయకుడి గొంతు మాత్రం మాయమవుతుంది. మీటింగులో అయితే ఏమీ వినపడదు. దీంతో తప్పు మీటింగ్ యాప్‌దని, ఇంటర్నెట్‌దని అనుకుని గంటలు పోగొట్టుకుంటారు. అసలు కారణం గ్రౌండ్ తెగడం. ఉమ్మడి తీగ ఆనకపోతే రెండు చెవుల స్పీకర్లూ ఒకదాని వెనుక ఒకటిగా కలిసిపోయి, ఎడమ కుడి శబ్దాల మధ్య తేడా మాత్రమే పలుకుతుంది. గాయకుడి గొంతును రికార్డింగులో సాధారణంగా రెండు వైపులా సమానంగా ఉంచుతారు. సమానమైనది తేడాలో కొట్టుకుపోతుంది. మీటింగు మాట సాధారణంగా రెండు వైపులా ఒకటే కాబట్టి అది దాదాపు మొత్తం పోతుంది.

దీన్ని నిర్ధారించుకోవడానికి తెలుగువాళ్ళకు మంచి సాధనం ఉంది. 1950, 60 దశకాల ఘంటసాల పాటలు మోనోలో రికార్డయ్యాయి, అంటే రెండు వైపులా ఒకే శబ్దం. పాత మోనో రికార్డింగు ఒకటి, ఈమధ్య వచ్చిన స్టీరియో పాట ఒకటి వరసగా పెట్టి వినండి. పాతది దాదాపు నిశ్శబ్దమై, కొత్తదాంట్లో గొంతు లేకుండా వాయిద్యాలు మాత్రం వస్తుంటే లోపం గ్రౌండ్‌దే. డ్రైవరు జోలికి వెళ్ళనక్కర్లేదు. పిన్ను సరిగ్గా దిగిందా, పద్ధతి తేడా ఉందా, మొదలు దగ్గర తీగ తెగిందా అన్న మూడే చూడాలి.

పిన్ను పెట్టకపోయినా స్పీకర్లు పలకడం లేదంటే స్విచ్చు ఇరుక్కుని, హెడ్‌ఫోన్ ఇంకా ఉందని లాప్‌టాప్ భ్రమపడుతున్నట్టు. విరిగిన పిన్ను కొస లోపల ఉండిపోయినా ఇదే జరుగుతుంది. కొన్ని పాత మ్యాక్‌బుక్‌లలో జాక్ లోపల ఎర్ర దీపం వెలుగుతుంటుంది. వాటి జాక్‌లో కాంతి ద్వారా శబ్దం పంపే ఏర్పాటు కూడా ఉండేది. స్విచ్చు ఇరుక్కుంటే అది ఆగకుండా వెలుగుతుంది. పిన్నును నాలుగైదుసార్లు పెట్టి తీస్తే చాలాసార్లు స్విచ్చు వదులుతుంది.

సాఫ్ట్‌వేర్ వంతు

చెవి పరీక్షలో లోపం లాప్‌టాప్‌దని తేలితే తర్వాతి వంతు సెట్టింగులది. విండోస్ శబ్దాన్ని ఎక్కడికి పంపుతోందో ముందు చూడాలి. నిన్న టీవీకి హెచ్‌డీఎంఐ కలిపి ఉండవచ్చు, పక్క గదిలో బ్లూటూత్ స్పీకరు ఆన్‌లో ఉండవచ్చు. విండోస్‌తో సంబంధం లేకుండా మీటింగ్ యాప్ తన సొంత ఎంపిక పట్టుకుని కూర్చోవచ్చు. మైకు సంగతీ ఇంతే. అవతలివాళ్ళకు మన గొంతుకన్నా ఫ్యాను, కోడిపుంజు ఎక్కువ వినపడుతుంటే హెడ్‌సెట్ మైకు బదులు లాప్‌టాప్ మైకు పనిచేస్తోందని అర్థం. మూడు ముక్కల పిన్ను పెడితే అలా జరగడమే సహజం. మైకుకు అనుమతి విండోస్ ప్రైవసీ సెట్టింగుల్లో ఆపేసి ఉందేమో, కీబోర్డు మీద మైకు మ్యూట్ బటన్ నొక్కుకుందేమో కూడా చూడాలి.

రియల్‌టెక్ ఉన్న కొన్ని లాప్‌టాప్‌లు పిన్ను పెట్టగానే ఏం పెట్టారని అడుగుతాయి. హడావుడిలో మైకు అని నొక్కితే హెడ్‌ఫోన్‌కు శబ్దం రాదు. రియల్‌టెక్ ఆడియో కన్సోల్‌లోకి వెళ్ళి ఆ ఎంపిక మార్చుకోవచ్చు.

ఆపేసి మళ్ళీ వేశాను, అయినా మారలేదనే మాటలో ఒక కిటుకు ఉంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది పనిచేస్తుంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ తన స్థితిని దాచిపెట్టుకుని మళ్ళీ అదే తెరుస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే డ్రైవర్లన్నీ మొదటి నుంచి లేస్తాయి. ఆడియో డ్రైవరు చిక్కుబడితే షట్‌డౌన్ కన్నా రీస్టార్ట్ మేలు.

అప్‌డేట్ వచ్చిన మర్నాడే సమస్య మొదలైతే డివైస్ మేనేజర్‌లో పాత డ్రైవరుకు వెనక్కి వెళ్ళవచ్చు. లేదా లాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి ఆ మోడల్‌కు చెందినదే తెచ్చుకోవాలి. డ్రైవర్లన్నీ ఒక్క దెబ్బలో సరిచేస్తామనే ఉచిత ప్రోగ్రాముల జోలికి పోవద్దు. జాక్‌లో ఏ స్విచ్చు ఏ రేకుకు చెందిందో మోడల్‌ను బట్టి మారుతుంది. దాన్ని ఎరిగినది కంపెనీ డ్రైవరే.

లినక్స్ వాడేవారు టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరిచి హెడ్‌ఫోన్ గీత కింద మ్యూట్ గుర్తు ఉందేమో, ఆటో మ్యూట్ ఎలా ఉందో చూడాలి. శబ్దం మొదలైన ప్రతిసారీ టప్పుమంటే చిప్ కరెంటు ఆదా కోసం నిద్రపోయి లేస్తోందని అర్థం. ఆ ఆదాను ఆపేస్తే సరిపోతుంది. విండోస్ వాడేవారికీ లినక్స్ ఒక పరీక్షగా పనికొస్తుంది. ఉబుంటును పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే లాప్‌టాప్‌ను దాంతో నడిపి హెడ్‌ఫోన్ పెట్టి చూడాలి. శబ్దం వస్తే జాక్ బాగున్నట్టే, లోపం విండోస్ వైపు ఉన్నట్టే. రాకపోతే మాత్రం జాక్ పోయిందని అప్పుడే తేల్చేయకూడదు, ఎందుకంటే కొన్ని కొత్త చిప్‌లకు లినక్స్‌లో అదనపు ఫర్మ్‌వేర్ కావాలి.

చేతి వైద్యాలు: ఏవి మంచివి, ఏవి చేటు

లాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, చార్జరు తీసి, టార్చితో జాక్‌లోకి చూడాలి. దిండు దూది, బ్యాగు నూలు, మిల్లుల ఊళ్ళలో ఊక దుమ్ము అడుగున గట్టిపడి పిన్నును పూర్తిగా దిగనివ్వవు. వాటిని పొడి చెక్క పుల్లతోనో, పళ్ళ సందుల్లో వాడే సన్నటి బ్రష్షుతోనో మెల్లగా లాగాలి. సూది, పిన్నీసు పెడితే రేకు వంగిపోతుంది. నోటితో ఊదితే తేమ చేరుతుంది.

పిన్ను మీది మురికికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డ మంచిది. అదే ద్రవాన్ని బ్రష్షుకు కొద్దిగా అద్ది జాక్‌లో తిప్పి, పూర్తిగా ఆరాకే ఆన్ చేయాలి. కొబ్బరి నూనె రాస్తే దుమ్ము ఇంకా అంటుకుంటుంది. శానిటైజర్‌లో నీరూ జిగురూ ఉంటాయి. తుప్పు వదిలించే మామూలు స్ప్రేలు ఇక్కడికి పనికిరావు. విరిగిన కొసను ఫెవిక్విక్ పూసిన పుల్లతో లాగే చిట్కా చాలా ప్రమాదం. చుక్క జారితే జాక్ శాశ్వతంగా మూసుకుపోతుంది. అది మెకానిక్ చేతిలో పెట్టాల్సిన పని.

సమస్య తీరేదాకా వాల్యూమ్ పెంచి సర్దుకోవడం మాత్రం వద్దు. ఒక చెవి పలకనప్పుడు రెండో చెవికి ఎక్కువ శబ్దం పెట్టుకోవడం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్. పిల్లలకు 75. రోజంతా హెడ్‌సెట్‌తో ఉండే ఉద్యోగి ఆ 40 గంటలను సులువుగా దాటేస్తాడు. ఆ రోజుకు గడవాలంటే విండోస్ యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో ఆన్ చేసుకుంటే రెండు వైపుల శబ్దమూ పనిచేసే చెవికే వస్తుంది. వాల్యూమ్ పెంచే అవసరం తగ్గుతుంది.

డెల్టా గాలి, ఎర్తు

గోదావరి డెల్టాలో గాలి ఏడాదిలో చాలా నెలలు చెమ్మగానే ఉంటుంది. అంతర్వేది, నరసాపురం, ఉప్పాడ వైపు ఆ చెమ్మకు ఉప్పు తోడవుతుంది. ఉప్పు చెమ్మ లోహపు రేకు మీద చేరితే పైపూత తిని రాగి బయటపడి పచ్చగా చిలుముపడుతుంది. వాడని జాక్‌లో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే పిన్ను పెట్టి తీయడంలో రేకు కొంత తనంతట శుభ్రపడుతుంది. కాబట్టి తీర ప్రాంతంలో లాప్‌టాప్‌ను రాత్రంతా కిటికీ దగ్గర వదలకుండా మూత ఉన్న సంచిలో పెట్టడం, చెమట చేతులతో పట్టుకున్న పిన్నును తుడిచి దాచడం మంచి అలవాట్లు.

రెండోది ఎర్తు. లాప్‌టాప్ లోహపు ఒంటి మీద చేయి వేస్తే జిలజిలమనడం, హెడ్‌ఫోన్‌లో సన్నగా గుర్రుమనడం, చార్జరు తీయగానే రెండూ ఆగడం చాలా ఇళ్ళలో చూస్తాం. చార్జరు లోపల రేడియో చికాకును అణచే కెపాసిటర్ల గుండా అతి కొద్ది కరెంటు బయటి వైపుకు కారుతుంది. ఎర్తు ఉంటే అది నేలలోకి పోతుంది, లేకపోతే లోహం మీదే నిలుస్తుంది. సాకెట్‌లో మూడో రంధ్రం కనిపించినంత మాత్రాన దాని వెనుక ఎర్తు తీగ ఉందని నమ్మలేం. ఎలక్ట్రీషియన్‌తో కొలిపించి, లేకపోతే ఎర్తు గొయ్యి తీయించాలి. డెల్టా నేలలో తడి ఎక్కువ కాబట్టి ఇక్కడ ఎర్తు బాగా కుదురుతుంది. ఈ ఖర్చు లాప్‌టాప్ కోసమే కాదు, ఇంట్లోవాళ్ళ ప్రాణాల కోసం. జిలజిల గట్టిగా తగిలినా, నకిలీ చార్జరు అని అనుమానం వచ్చినా దాన్ని పక్కన పెట్టేయాలి.

మైక్ సెట్టుకు కలిపినప్పుడు

వినాయక చవితి పందిళ్ళలో, పెళ్ళిళ్ళలో లాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి నేరుగా మైక్ సెట్టుకు పాటలు ఇవ్వడం మామూలైంది. ఇక్కడ రెండు ఫిర్యాదులు వస్తాయి.

ఒకటి, పాటలో గొంతు మాయం కావడం. స్టీరియో తీగను మిక్సర్‌లోని మైకు తరహా బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌కు పెడితే అది ఎడమ కుడి శబ్దాల తేడానే తీసుకుంటుంది. గ్రౌండ్ తెగినప్పుడు హెడ్‌సెట్‌లో జరిగినదే ఇక్కడ ఊరంతా వింటుంది. ఒక స్టీరియో పిన్ను నుంచి రెండు మోనో పిన్నులుగా చీలే తీగతో రెండు చానళ్ళకు ఇస్తే గొంతు తిరిగి వస్తుంది.

రెండోది, ఎడతెగని హమ్. మన కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది. లాప్‌టాప్ చార్జరు ఒక బోర్డుకు, ఆంప్లిఫైయర్ ఇంకో బోర్డుకు ఉంటే రెండు ఎర్తుల మధ్య ఆడియో తీగ వంతెనై ఆ గుర్రును మోస్తుంది. లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి చూడాలి. హమ్ ఆగితే కారణం దొరికినట్టే. రెంటినీ ఒకే బోర్డుకు పెట్టడం, లేదా తీగ మధ్య ఆడియో ఐసోలేటర్ వేయడం సరైన మందు. హమ్ పోవడానికి ఎర్తు పిన్ను విరగ్గొట్టడం మాత్రం ఎప్పటికీ చేయకూడని పని. వానకు తడిసిన పందిట్లో 230 వోల్టుల ఆంప్లిఫైయర్‌కు ఎర్తు లేకపోతే మైకు పట్టుకున్న మనిషికి ప్రాణాపాయం.

వైరు మానేస్తే?

2016లో ఐఫోన్ 7 నుంచి ఆపిల్ జాక్ తీసేశాక ఈ రంధ్రానికి కాలం చెల్లిందన్న వాదన మొదలైంది. బ్లూటూత్ సౌకర్యం కాదనలేం. కానీ మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైకు కూడా వాడగానే శబ్దం పాటల పద్ధతి నుంచి ఫోన్ కాల్ పద్ధతికి దిగుతుంది, నాణ్యత పడిపోతుంది. మాట కొద్దిగా ఆలస్యంగా చేరుతుంది, మీటింగు మధ్యలో చార్జింగ్ అయిపోతుంది. పరీక్షకో, ఇంటర్వ్యూకో కూర్చునేవారికి ఇప్పటికీ వైరే నమ్మకమైనది.

జాక్ నిజంగా పోయినవారికి అన్నిటికన్నా చవకైన దారి యూఎస్‌బీ సౌండ్ కార్డు. పెన్‌డ్రైవ్ అంత ఉండే దీనిలో సొంత ఆడియో చిప్, సొంత జాక్ ఉంటాయి. లాప్‌టాప్ పాత జాక్‌తో పని లేకుండా అదే హెడ్‌సెట్ వాడుకోవచ్చు. ఖర్చు కొన్ని వందల రూపాయలు. కొనేటప్పుడు మైకు, హెడ్‌ఫోన్ విడివిడిగా ఉన్నాయా, నాలుగు ముక్కల పిన్నుకు ఒకే రంధ్రం ఉందా చూసుకుంటే చాలు. బోర్డు మార్చాలని చెప్పే ముందు ప్రతి షాపూ కస్టమరుకు ఈ దారి చూపించాలి.

మరమ్మతు ఎవరి హక్కు?

ఇన్ని పరీక్షల తర్వాత కూడా రేకు విరిగిందనో, సోల్డరింగ్ వదిలిందనో తేలితే అప్పుడు లాప్‌టాప్ విప్పాలి. కొన్ని మోడళ్ళలో జాక్ ఒక చిన్న పక్క బోర్డు మీద, రిబ్బన్ తీగతో ఉంటుంది. అది మార్చడం తేలిక. కొన్నిటిలో మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది. అప్పుడు కూడా మార్చాల్సింది జాక్ ముక్కనే. సోల్డరింగ్ చేతికొచ్చిన మెకానిక్‌కు అది సాధ్యమైన పని. ఈ చిన్న ముక్క కోసం మదర్‌బోర్డు మొత్తం మార్చడం అన్యాయం.

ఫ్రాన్స్ 2021 నుంచి లాప్‌టాప్‌లు అమ్మేచోట మరమ్మతు సూచిక చూపించడం తప్పనిసరి చేసింది. ఎంత సులువుగా విప్పవచ్చో, విడిభాగాలు దొరుకుతాయో లేదో కొనేముందే తెలుస్తుంది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఇ-వ్యర్థాల నిబంధనలూ అమల్లోకి వచ్చాయి. ఇవి మంచి అడుగులు. కానీ పక్క బోర్డు, జాక్ ముక్క, సర్క్యూట్ వివరాలు అమలాపురం, తాడేపల్లిగూడెం మెకానిక్ చేతికి అందినప్పుడే వాటికి అర్థం.

ఆ రోజు కోసం ఎదురుచూడకుండా మనం ఇప్పుడే చేయగలిగినవీ ఉన్నాయి. కొనేవారు లాప్‌టాప్ జాక్ పక్క బోర్డు మీద ఉందో, మదర్‌బోర్డు మీద ఉందో అడిగి తెలుసుకోవాలి. షాపువారు వేరే హెడ్‌సెట్‌తో, పెన్‌డ్రైవ్ లినక్స్‌తో పరీక్షించాకే తీర్పు చెప్పి, ఏం పరీక్షించారో బిల్లు మీద రాసివ్వాలి. ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీల ల్యాబుల్లో ఈ వరసను విద్యార్థులతో ఒకసారి చేయించాలి. గ్రౌండ్ తెగితే గొంతు ఎందుకు పోతుందో స్వయంగా విన్న విద్యార్థికి సర్క్యూట్ పాఠం గుర్తుండిపోతుంది. ఇంటి నుంచి పనిచేసే ప్రతివారికీ చెప్పేది ఒక్కటే: ముందు వినండి, తర్వాత సెట్టింగులు చూడండి, ఆ తర్వాత శుభ్రం చేయండి. స్క్రూడ్రైవరు వంతు అన్నిటికన్నా చివర.